మావయ్య జముకు పాట ఎక్కడ వినిపిస్తే మేలు: ఎఫ్ఎంలోనా, ఆకాశవాణిలోనా, యూట్యూబ్‌లోనా, మన ఊరి రేడియోలోనా?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా వీధి చివర టీ కొట్టుంది. పొద్దున కొట్టు తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా అక్కడ ఏదో ఒక ఎఫ్ఎం మోగుతూనే ఉంటుంది. మా పెద్దమావయ్య నలభై ఏళ్లుగా జముకు వాయిస్తూ పాడే జముకుల కథ చెబుతున్నాడు. మొన్న అక్కడ టీ తాగుతూ నన్నడిగాడు: “ఒరే అల్లుడూ, ఇన్ని పాటలొస్తన్నాయి గదా, మన ఊరి గొంతు ఒక్కటీ రాదేటి?”

ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే మా ముందు నాలుగు దారులు కనిపించాయి. మూడింటి గడప తొక్కి చూశాం, నాలుగోదానికి సిద్ధమవుతున్నాం.

మొదటిది ప్రైవేటు ఎఫ్ఎం. ఆర్‌జేకి నచ్చితే పాట వేస్తాడని నేనూ అనుకునేవాణ్ణి. అది నిజం కాదు. పాటల జాబితా ప్రోగ్రామింగ్ వాళ్లు తయారుచేస్తారు. ఏ పాట ఏ గంటలో రావాలో, మళ్లీ ఎన్ని గంటలకు రావాలో కంప్యూటర్‌లో ముందే షెడ్యూల్ పడిపోతుంది. ఆర్‌జే పని ఆ పాటల మధ్య మాట్లాడటమే. ఈ పద్ధతికి కారణం ప్రకటనలు. తెలియని పాట వస్తే జనం స్టేషన్ మార్చేస్తారని వాళ్ల భయం, అందుకే ఇప్పటికే హిట్టయిన సినిమా పాటలే తిప్పితిప్పి వేస్తారు. పైగా కేంద్ర ప్రభుత్వం తెచ్చిన మూడో దశ ఎఫ్ఎం విధానం ఒక కంపెనీ తన స్టేషన్లన్నిటికీ ఒకే కార్యక్రమం పంపుకోవడానికి అనుమతిచ్చింది. ఎక్కడో పెద్ద నగరంలో కూర్చుని ఎంచిన పాట చిన్న ఊళ్లో మోగుతుందన్నమాట. నేను పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక స్టేషన్‌కి వెళ్లాను. మర్యాదగానే కూర్చోబెట్టారు, రెండు నిమిషాలు విన్నారు. “బాగుందండీ, ఇది ఏ సినిమాలోది?” అన్నారు. సినిమాలోది కాదన్నాక మాట అక్కడితో ఆగిపోయింది. మన పల్లెపాటే సినిమాలో పడితే అదే స్టేషన్‌లో రోజుకు నాలుగుసార్లు వస్తుంది. ఆ గడప దగ్గర ఇంకో రోజు కూడా పాడు చేసుకోవద్దని నా సలహా.

సినిమా పాట మీద నాకు కోపం లేదు. 1952లో బి.వి.కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా వచ్చాక ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు కనుమరుగైంది. జనం వెళ్లి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957లో ఆకాశవాణే సినిమా పాటలు వేసే వివిధ భారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒకరి పాట ఆపేస్తే ఇంకొకరి పాట జనం నోట్లోకి రాదు. నేను అడిగేది రోజులో మా పాటకు ఒక గంట.

ఆ గంట ఇవ్వగలిగింది ఆకాశవాణి. మా వైపు బరంపురంలో, కోరాపుట్ జిల్లా జైపూర్‌లో కేంద్రాలున్నాయి. ఆడిషన్ పెడతారు, నెగ్గితే గ్రేడు ఇస్తారు: బి, బి హై, ఏ, టాప్. గ్రేడు వచ్చిన కళాకారుణ్ణి ఒప్పందం రాసి పిలుస్తారు, కార్యక్రమానికి పారితోషికం ఇస్తారు. నాలుగు దారుల్లో పాడినందుకు కళాకారుడి చేతిలో నేరుగా డబ్బు పెట్టేది ఇదొక్కటే. స్టూడియోలో రికార్డు చేస్తారు కాబట్టి శబ్దం కూడా శుభ్రంగా ఉంటుంది. ఆ గ్రేడు కాగితం చూపిస్తే బయట ఉత్సవాల వాళ్లు కూడా గౌరవిస్తారు.

కానీ సరిహద్దులో బతికేవాళ్ల గోడు ఇక్కడే మొదలవుతుంది. మేం ఒడిశా వైపు ఒక కేంద్రానికి వెళ్తే “పాట తెలుగులో ఉంది కదా, అటు వైపు అడగండి” అన్నారు. అటు ఆంధ్ర వైపు వెళ్తే “మీ అడ్రసు ఒడిశాది కదా, ఇటు కుదరదు” అన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి సంస్థానాన్ని రెండుగా పంచారు. ఊరు ఇటు వచ్చింది, ఎన్నో పల్లెలు అటు ఉండిపోయాయి. ఆ పంపకం జరిగి తొంభై ఏళ్లవుతోంది. మావయ్య ఇప్పటికీ రెండు వైపులా కథ చెబుతాడు, రెండు వైపులా ఆయన్ని చుట్టమనే పిలుస్తారు. దరఖాస్తు కాగితం మాత్రం ఆయన్ని ఏదో ఒక వైపే నిలబడమంటుంది. అయినా ఈ దారి వదలొద్దంటాను. ఒడియా కూడా వచ్చిన మా తమ్ముడు ఈసారి బరంపురం ఆడిషన్‌కి సిద్ధమవుతున్నాడు.

యూట్యూబ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎవరినీ అడగక్కర్లేదు, అదే దాని గొప్ప. మామూలు వీడియోల మీద ప్రకటనల డబ్బులు రావాలంటే మాత్రం వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. మావి ఆ దరిదాపుల్లో లేవు. మా తాతల నాటి పాట పెడితే, అదే వరస ఎప్పుడో వాడుకున్న ఒక కంపెనీ పేరుతో కాపీరైటు క్లెయిమ్ వచ్చింది. అంతకన్నా నన్ను బాధపెట్టింది జముకు మోత. జముకు అంటే ఒక వైపు తోలు మూసిన చిన్న డోలు. ఆ తోలు మధ్యలోంచి నరం తీగ ఒకటి లోపలికి వస్తుంది, దాని కొసన చిన్న పుల్ల. డోలును చంకలో బిగించి, పుల్ల లాగి తీగ బిగిస్తూ మీటితే గుండెల్లో పులి గుర్రుమన్నట్టుంటుంది. ఫోనులో రికార్డు చేసి వింటే ఆ గుర్రు పోయి, తలుపు సందులో తుమ్మెద ఇరుక్కున్నట్టు వినిపించింది. మావయ్య ఒకసారి విని, ఏమీ అనకుండా ఫోను తిరిగి ఇచ్చేశాడు. పాటలు దాచుకోవడానికి యూట్యూబ్ మంచి బీరువా. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషి చెవిలో మాత్రం అది దానంతటదే పడదు, పేరు తెలిసి వెతుక్కోవాలి.

నాలుగోది కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్ల సంస్థే తన చుట్టుపక్కల వాళ్ల కోసం నడుపుకునే చిన్న స్టేషన్. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది. దళిత మహిళలు నడుపుతున్నారు, 90.4 మీద వస్తుంది. 1998లోనే వాళ్లకు స్టూడియో ఉంది కానీ గాల్లోకి వెళ్లడానికి అనుమతి లేదు. పదేళ్లపాటు ముసలమ్మల పాటలూ విత్తనాల ముచ్చట్లూ రికార్డు చేసి, ఊళ్లలో కూడిన సంఘాలకు టేపుల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. మా ఒడిశాలోనే కోరాపుట్‌లో కూడా రేడియో ధింసా ఉంది. ధింసా అంటే మా కొండల నాట్యం పేరే.

కమ్యూనిటీ రేడియో లైసెన్సులో సగం కార్యక్రమాలైనా స్థానికంగా తయారుచేయాలన్నది నిబంధన. మిగతా మూడు చోట్లా మేం అడుక్కునేది ఇక్కడ రూలుగా ఉంది. లోపాలు లేకపోలేదు. శక్తి మామూలుగా 100 వాట్లే, టవరు 30 మీటర్లకు మించకూడదు, మహా అయితే పది పన్నెండు కిలోమీటర్లు వినిపిస్తుంది. పరికరాలకు లక్షల్లో అవుతుంది. కేంద్రం పథకం కింద కొంత వచ్చినా, కరెంటు బిల్లూ జీతాలూ నెలనెలా మనవే. సొంతంగా వార్తలు చదవడానికి వీల్లేదు. పాడినవాళ్లకు ఇవ్వడానికి చాలాసార్లు టీ డబ్బులే ఉంటాయి.

అయినా నా ఓటు దీనికే. పర్లాకిమిడి మధ్యలో టవరు పెట్టి పది కిలోమీటర్ల గీత గీయండి. పక్కనున్న పాతపట్నం అందులో పడుతుంది. అంటే రెండు రాష్ట్రాలు, తెలుగూ ఒడియా రెండూ. కొండవైపు సవర గిరిజనుల పల్లెలూ ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లోనే ఉండి సవర భాష నేర్చుకుని, వాళ్ల పాటలూ కథలూ రాసుకున్నారు. ఆ పాటలకూ అందులో చోటుంటుంది. అడ్రసు ఇటా అటా అని తరంగం అడగదు. మావయ్యకు లక్ష మంది వినేవాళ్లు అక్కర్లేదు. ఆయన కథలో ఏ ఊరి పేరు వస్తుందో ఆ ఊరివాళ్లు వింటే చాలు.

లైసెన్సుకు దరఖాస్తు చేయాలంటే సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు కావాలి. మా కళాకారుల సంఘానికి రెండేళ్లు నిండాయి. ఈలోగా మాచనూరు అమ్మల్లాగే మేమూ మొదలుపెట్టాం. ఫోను పక్కన పెట్టి, ఒక మంచి మైకు కొన్నాం. ఆదివారం మధ్యాహ్నాలు మావయ్య ఇంట్లో, ఫ్యాను ఆపేసి, వీధి తలుపు వేసి రికార్డు చేస్తున్నాం. ఇప్పటికి నలభై రెండు పాటలయ్యాయి. మొన్న ఆదివారం రికార్డు చేసింది వినిపిస్తే మావయ్య కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. “ఆఁ, ఇదిరా జముకు” అన్నాడు.