నిమ్మకాయా, పంపర పనసా?

కోనసీమ వంటింట్లో నిమ్మకాయ ఏడాదంతా ఉంటుంది. పంపర పనస మాత్రం వినాయక చవితి సందడితో సంతకు వస్తుంది. విటమిన్ సి లెక్కలో పంపరదే పైచేయి: 100 గ్రాముల తొనల్లో సుమారు 60 మిల్లీగ్రాములు, అంతే నిమ్మరసంలో దాదాపు 40. అయినా నిమ్మరసం అంత తాగేదెవరు? పులిహోరలోనైతే అన్నం చల్లారాకే పిండాలి, వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది.

నిమ్మలో ఎరియోసిట్రిన్, హెస్పెరిడిన్ అనే ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం పదార్థాలు) ఉంటాయి. పంపర బలం నరింజిన్ అనే మరో ఫ్లేవనాయిడ్. తొన పొరలో నాలుకకు తగిలే చేదు ముఖ్యంగా దానిదే. పొర శుభ్రంగా ఒలిచి తినేవారు (మా ఇంట్లో అందరూ అంతే) దాన్ని చాలావరకు పారేస్తున్నట్టే. ఎర్ర తొనల రకంలో ఆ ఎరుపునిచ్చే లైకోపీన్ అదనం.

నా మొగ్గు పంపరవైపే. కొలెస్టరాల్‌కో రక్తపోటుకో మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి. ఇందులోని ఫ్యూరనోకౌమరిన్లు అనే సహజ పదార్థాలు కొన్ని మందుల మోతాదును రక్తంలో పెంచేస్తాయి.