పాడటం మానేసి థియేటర్ నడిపిన లియోన్ కర్వాలో కోసం పారిస్‌లో మూడు రోజులు

ఈఫిల్ టవర్, లూవ్ర్ అన్నీ పాత ప్రయాణాల్లోనే చూసేశాం, ఈసారి పారిస్ వెళ్లింది ఒకే ఒక్క మనిషి కోసం. ఆయన పేరు లియోన్ కర్వాలో. మా చెల్లి నాలుగేళ్లుగా స్టుట్‌గార్ట్‌లో పాశ్చాత్య గాత్రం నేర్చుకుంటోంది. దానికి టీచర్ ఇచ్చే పాటలు ఏ ఒపెరాలోవి అని వెతికితే ఫౌస్ట్ అనీ, రోమియో జూలియట్ అనీ, లక్మే అనీ, మనోన్ అనీ వస్తాయి, వాటిని మొదట స్టేజీ ఎక్కించింది ఎవరు అని చూస్తే ప్రతిసారీ ఈయనే. ఒక్క పాట కూడా రాయనివాడు, గాయకుడిగా పెద్ద పేరు రానివాడు, ఇన్ని పనుల వెనక ఎలా ఉన్నాడు అన్నదే మా ఇద్దరికీ పట్టుకుంది.

ఆయన 1825లో మారిషస్‌లోని పోర్ట్ లూయీలో పుట్టాడు. ఊళ్లో థియేటర్ తెరిచి అప్పటికి మూడేళ్లే. (కోరంగి వైపు నుంచి మనవాళ్లు కూలిపనికి ఓడల్లో అదే రేవులో దిగటం ఆ తర్వాత సంగతి, 1834 దాటాక.) పారిస్ వచ్చి కన్సర్వటోయిర్ అనే సంగీత కళాశాలలో చదివి, ఒపెరా కోమిక్ అనే థియేటర్‌లో చిన్న చిన్న వేషాలు పాడాడు. అక్కడే కరోలిన్ మియోలాన్ అనే సొప్రానో (పైస్థాయిలో పాడే గాయని) పరిచయమైంది, 1853లో పెళ్లి చేసుకున్నారు. ఆమె గొంతు గొప్పదని ఆయనకి తెలుసు, తనది కాదని కూడా తెలుసు. 1856లో పాడటం వదిలేసి పారిస్‌లోనే థియేటర్ లిరిక్ అనే ఒపెరా థియేటర్ పగ్గాలు తీసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది ఇక్కడే.

బస గురించి ముందే చెప్పేస్తాను. స్టుట్‌గార్ట్ నుంచి పారిస్ తూర్పు స్టేషన్, అంటే గార్ ద లెస్త్‌కి నేరుగా రైలుంది, మూడు గంటల పైచిలుకు. అందుకే ఆ స్టేషన్ దగ్గరే, పదో వార్డులో హోటల్ తీసుకున్నాం, రాత్రికి 132 యూరోలు. లిఫ్ట్ పనిచేయలేదు, గది ఐదో అంతస్తు, మెట్లు ఎంత ఇరుకంటే సూట్‌కేసు నిలువుగా తప్ప పట్టదు. లిఫ్ట్ సంగతి బుక్ చేసినప్పుడే చెప్పి ఉంటే వేరేది చూసుకునేవాళ్లం కదా అని అడిగితే రిసెప్షన్‌లో సరైన సమాధానం లేదు. గది మాత్రం శుభ్రంగా ఉంది, వేడినీళ్లకి లోటు లేదు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు లిఫ్ట్ పనిచేస్తోందా అని ఫోన్ చేసి అడిగాకే డబ్బు కట్టండి. ఆ వార్డు మాత్రం బాగా నచ్చింది, ఎటు వెళ్లాలన్నా మెట్రో దగ్గర.

మొదటి రోజు షాత్లే కూడలికి వెళ్లాం. అక్కడ రెండు థియేటర్లు ఎదురెదురుగా ఉంటాయి, రెండూ దావియూ అనే ఆర్కిటెక్ట్ కట్టినవే, రెండూ 1862లో తెరిచినవే. చాలామంది పెద్దదాన్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మేం చూడాల్సింది రెండోది, ఇప్పుడు దాని పేరు థియేటర్ ద లా వీల్. అదే అప్పట్లో కర్వాలో నడిపిన థియేటర్ లిరిక్. అంతకు ముందు ఆ థియేటర్ ‘బులెవార్డ్ దు టెంపుల్’ అనే పెద్ద వీధిలో ఉండేది, ఫౌస్ట్ 1859 మార్చి 19న పుట్టింది అక్కడే, కథానాయిక మార్గరీట్ పాత్ర పాడింది కరోలిన్. నగరాన్ని విశాలం చేస్తామని ఆ వరస థియేటర్లన్నీ కూలగొట్టారు, కాబట్టి ఫౌస్ట్ పుట్టిన గోడలు వెతకొద్దు, ఏమీ మిగల్లేదు. షాత్లేలోది కూడా 1871లో కమ్యూన్ అనే పారిస్ తిరుగుబాటు రోజుల్లో కాలిపోతే మళ్లీ కట్టారు. లోపలి హాలుని 1960ల్లో పూర్తిగా మార్చేసి కాంక్రీటు మెట్ల వరసలు చేశారు, ఎక్కువగా డ్యాన్సు, నాటకాలు వేస్తారు. పాతకాలపు బంగారు పూత ఆశించి లోపలికి వెళ్తే నిరాశే. మేం లోపలికి వెళ్లకుండా ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం, అది చాలు అనిపించింది.

ఎందుకంటే ఆ ఒక్క చోట 1863లో జరిగిన పని తలుచుకుంటే చాలు. సెప్టెంబర్ 30న ఇరవై నాలుగేళ్ల స్వరకర్త బిజే రాసిన ‘ముత్యాల వేటగాళ్లు’ ఒపెరా వేశాడు, పద్దెనిమిది ఆటలు ఆడింది. కథ సింహళంలో జరుగుతుంది, పాత్రలు బ్రహ్మని తలుస్తూ పాడతాయి, నిజానికి రచయితలు మొదట మెక్సికోలో అనుకున్నారట. సరిగ్గా నెల దాటాక నవంబర్ 4న ఇంకో స్వరకర్త బెర్లియోజ్ రాసిన ‘ట్రోజన్లు’, అందులో కూడా చివరి భాగం మాత్రమే, కత్తిరింపులతో. పెద్ద ఖర్చుతో తయారుచేసిన వేట, తుఫాను దృశ్యాన్ని మొదటి రాత్రి తర్వాత తీసేశారు. బెర్లియోజ్ తన ఆత్మకథలో ఈ బాధంతా రాసుకున్నాడు. "అక్కా, ఇంత కత్తిరించాడంటే ఆయనకి సంగీతం మీద ప్రేమ లేనట్టేగా" అంది మా చెల్లి. నేను ఒప్పుకోలేదు. పారిస్ ఒపెరా అనే పెద్ద సంస్థ ఏళ్ల తరబడి ముట్టుకోని పనిని ముట్టుకుంది ఈయనే, ఆ ఆటల మీద వచ్చిన డబ్బుతోనే బెర్లియోజ్ తను విసిగిపోయిన విమర్శకుడి ఉద్యోగం మానేయగలిగాడు. కర్వాలో మాత్రం 1868కి దివాలా తీశాడు.

రాత్రి భోజనం లా షపెల్ వైపు, గార్ దు నోర్ వెనకాల. ఆ వీధుల్లో అన్నీ శ్రీలంక తమిళుల కొట్లు, దోసె, కొత్తు పరోటా, చేపల పులుసు, ఇద్దరికీ కడుపునిండా తింటే 24 యూరోలు అయింది. సర్వీసు ఆలస్యం కానీ మాట ఆత్మీయంగా ఉంటుంది. పారిస్‌వాళ్లు ఎప్పుడూ చూడని సింహళాన్ని స్టేజీ మీద ఊహించుకున్న ఊళ్లోనే ఇప్పుడు ఆ ద్వీపం నుంచి వచ్చినవాళ్లు ఒక పేట అంతా ఉన్నారు, మధ్యాహ్నం బెంచీ మీద మాట్లాడుకున్నదంతా అక్కడ కూర్చుంటే ఇంకోలా అనిపించింది.

రెండో రోజు ఒపెరా కోమిక్. రిష్‌ల్యూ ద్రువో మెట్రోలో దిగితే రెండు నిమిషాలు. థియేటర్ ముఖం పెద్ద బులెవార్డు వైపు కాకుండా వెనక చిన్న కూడలి వైపు ఉంటుంది, మొదటిసారి వెళ్లినవాళ్లు వెనక గోడ చుట్టూ తిరుగుతారు, బొయెల్ద్యూ కూడలి అని అడగండి. హాలు సుమారు 1,200 సీట్లది, గుర్రపు నాడా ఆకారం. ఇలాంటి హాళ్లలో పక్క వరసల నుంచి స్టేజీ సగమే కనిపిస్తుంది కాబట్టి పైఅంతస్తు అయినా మధ్యలో సీటు తీసుకోండి. మాకు చెరొక 38 యూరోలు పడింది. ఫ్రెంచితో పాటు ఇంగ్లీషులో కూడా మాటలు పైన తెర మీద వేస్తారు. పగటిపూట గైడుతో చూపించే టూర్ కూడా ఉంది, మేం వెళ్లింది ఫ్రెంచిలోనే జరిగింది, చెల్లికి భాష కొంచెం వచ్చు కాబట్టి నెట్టుకొచ్చాం. లాబీలో కార్మెన్, మనోన్ విగ్రహాలు రెండు. మనోన్‌ని 1884లో వేసింది కర్వాలోనే. కార్మెన్ దగ్గర మాత్రం నాకు ఆయన మీద కోపం వచ్చింది. 1875లో బిజే రాసిన ఆ ఒపెరా ఇక్కడే మొదలైంది, అదే ఏడు బిజే చనిపోయాడు, మరుసటి ఏడు కర్వాలో డైరెక్టర్ అయ్యాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు అవకాశం ఇచ్చిన మనిషే, ప్రపంచమంతా కార్మెన్ ఆడుతుంటే 1883 దాకా పారిస్‌లో వేయలేదు, వేసినప్పుడు కూడా పదును తగ్గించి వేశాడు. కుటుంబాలు పెళ్లి సంబంధాల మాటలకి వచ్చే థియేటర్ అది, వాళ్లు నొచ్చుకుంటారన్న భయం. అదే ఏడు లక్మే వేశాడు, దాని చివర్లో కథానాయిక లక్మే కూడా ఉమ్మెత్త ఆకు నమిలి చనిపోతుంది.

ఇప్పుడు నిలబడి ఉన్నది మూడో భవనం. 1887 మే 25 రాత్రి మిన్యోన్ అనే ఒపెరా ఆట మధ్యలో గ్యాసు దీపం మంట తెరలకి అంటుకుని రెండోది కాలిపోయింది, 84 మంది పోయారు. ఈ థియేటర్ ప్రమాదకరమని కొద్ది రోజుల ముందే పార్లమెంటులో ఒక సభ్యుడు అడిగాడు. నిర్లక్ష్యం కింద కర్వాలోకి జైలు శిక్ష పడింది, అప్పీలులో కొట్టేశారు. 1891లో మళ్లీ డైరెక్టర్ చేశారు. అప్పుడు ఒపెరా కోమిక్ నడుస్తున్నది ఎక్కడో తెలుసా, షాత్లేలో, ఆయన దివాలా తీసిన అదే స్థలంలో. 1897 డిసెంబర్ చివర్లో పోయాడు, ఈ కొత్త భవనం తెరిచింది 1898 డిసెంబర్ 7న. గ్యాసు లేకుండా మొత్తం కరెంటు దీపాలతో కట్టారు.

పారిస్ ఒపెరా వాళ్ల ప్రసిద్ధ గార్నియే భవనం గురించి ఒక్క మాట. అందంగా ఉంది, జనం విపరీతం, కర్వాలో కోసమైతే అవసరం లేదు.

మూడో రోజు పేర్ లషేజ్ శ్మశానం. ప్రవేశం ఉచితం. మెట్రోలో గాంబెతా దగ్గర దిగితే పై గేటు నుంచి కిందికి నడవొచ్చు, మోకాళ్లకి సుఖం. 2025లో మెట్రో టికెట్ 2.50 యూరోలు ఉండేది. మ్యాపు చేతిలో ఉన్నా మాకు నలభై నిమిషాలు పట్టింది. భార్యాభర్తలు ఒకే చోట ఉన్నారు, రాతి మీద మెర్సియే చెక్కిన బొమ్మ కర్వాలోది కాదు, మార్గరీట్ వేషంలో పైకి లేస్తున్న కరోలిన్‌ది. చెల్లి అక్కడ ఎవరూ లేకపోవటం చూసి ఫౌస్ట్‌లో మార్గరీట్ పాడే నగల పాట మొదటి నాలుగు వరసలు మెల్లగా పాడింది.

అదే శ్మశానంలో బిజే సమాధి ఉంది. 1887 అగ్నిప్రమాదంలో పోయినవాళ్ల స్మారకం కూడా అక్కడే ఉంది, కర్వాలో కోసం వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా వెళ్లకూడదని నా అభిప్రాయం. మేం తెచ్చిన పూలు ఒకటే గుత్తి, సగం విడదీసి అక్కడ పెట్టాం.