లేఆఫ్ తర్వాత హెల్త్ ఇన్సూరెన్స్: కోబ్రానా, మార్కెట్‌ప్లేసా, స్పౌజ్ ప్లానా?

అమెరికాలో ఉద్యోగం పోయిన రోజు చేతికొచ్చే కాగితాల్లో సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) గురించి, లాప్‌టాప్ వాపసు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఇన్సూరెన్స్ గురించి మాత్రం ఒకటే ముక్క: మీ కవరేజీ ఫలానా తేదీతో ఆఖరు. కొన్ని కంపెనీల్లో అది చివరి పనిరోజు, ఇంకొన్ని చోట్ల ఆ నెలాఖరు. ముందు ఆ తేదీ కనుక్కోండి. తర్వాతి లెక్కలన్నీ దాన్నుంచే మొదలవుతాయి.

ఉన్న దారులు మూడు. పాత కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించే కోబ్రా, ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కునే ప్లాన్, భార్య లేదా భర్త ఉద్యోగం చేస్తుంటే వాళ్ల కంపెనీ ప్లాన్. చాలామంది వీటిని ప్రీమియంతోనే పోల్చి చూస్తారు. నన్నడిగితే ప్రీమియం కంటే ముందు గడువులు చూడాలి. మూడింటికీ మూడు వేర్వేరు గడువులు మరి.

మీ కవరేజీ మార్చి 31తో ముగిసిందనుకుందాం. స్పౌజ్ ప్లాన్‌లో చేరడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలన్నది చట్టం. చాలా కంపెనీలు అంతవరకే ఇస్తాయి, అంటే ఏప్రిల్ 30. మార్కెట్‌ప్లేస్‌కు 60 రోజులు, అంటే మే 30. కోబ్రాకూ 60 రోజులే గానీ, కవరేజీ పోయిన తేదీ, కోబ్రా నోటీసు ఇచ్చిన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతైతే అక్కణ్నుంచి లెక్క. నోటీసు ఏప్రిల్ 10న ఇస్తే జూన్ 9 దాకా టైముంది. ఆ రోజు ఫారం పంపినా మొదటి చెల్లింపుకు ఇంకో 45 రోజులు ఇస్తారు. పైగా కవరేజీ ఏప్రిల్ 1 నుంచే ఉన్నట్టు లెక్క, ఆ నెలల ప్రీమియం మొత్తం కడితే చాలు.

అందుకే 'కోబ్రా ఇప్పుడే తీసుకోకు, ఏదైనా అయితే అప్పుడు తీసుకుందువులే' అని ఫ్రెండ్స్ సలహా ఇస్తారు. సలహా తప్పేం కాదు, కానీ అందులో ఒక మెలిక ఉంది. జూన్ దాకా ఆగుదామని కూర్చుంటే ఈలోగా మిగతా రెండు తలుపులూ మూసుకుపోతాయి. ఆ తర్వాత కోబ్రాలో చేరి, రెండు నెలలకే ప్రీమియం భారమై మానేస్తే, మీ అంతట మీరు మానేసినందుకు మార్కెట్‌ప్లేస్ మళ్లీ తలుపు తీయదు. నవంబరులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా అందరికీ చేరే వీలుండే గడువు) మొదలయ్యేదాకా ఆగాలి, ఆ ప్లాన్ అమల్లోకి వచ్చేది జనవరిలో. ఒక మినహాయింపు ఉంది. సెవరెన్స్‌లో భాగంగా కంపెనీ కొన్ని నెలలు కోబ్రా డబ్బు కట్టి ఆపేస్తే, ఆగిన దగ్గర్నుంచి మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి మళ్లీ 60 రోజులు వస్తాయి. సెవరెన్స్ బేరంలో రెండు వారాల జీతం ఎక్కువ అడగడం కంటే ఇది అడగడమే ఒక్కోసారి లాభం.

ఇక ధరలు. కోబ్రా కొత్త ఇన్సూరెన్సేం కాదు. అదే ప్లాను, అవే డాక్టర్లు, బిల్లు ఒక్కటే మీ నెత్తిన పడుతుంది. జీతంలోంచి నెలకు 450 డాలర్లు కట్ అయ్యేవనుకుందాం. అసలు ప్రీమియం 2,000 అయితే, మిగతా 1,550 ఇన్నాళ్లూ కంపెనీ కడుతూ వచ్చింది. కోబ్రాలో ఆ మొత్తానికి 2 శాతం ఫీజు కలిపి 2,040 అడుగుతారు. నోటీసు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పోయినేడాది డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను వివరాల) ఫారంలో 12వ బాక్సు చూడండి. డీడీ కోడ్ పక్కన ఉన్న అంకెలో మీ వాటా, కంపెనీ వాటా రెండూ ఉంటాయి. దాన్ని 12తో భాగిస్తే నెల ప్రీమియం దాదాపుగా తెలిసిపోతుంది. ఆ అంకె చూశాక గుండె గుభేలుమనడం మామూలే.

అయినా కోబ్రానే మేలనిపించే సందర్భాలున్నాయి. ఆగస్టులో ఉద్యోగం పోయింది, ఏడాది డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేముందు మీరు జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) అప్పటికే నిండింది, ఇంట్లో డెలివరీయో సర్జరీయో దగ్గర్లో ఉంది. కొత్త ప్లాన్‌కు మారితే డిడక్టిబుల్ సున్నా నుంచి మొదలు, చూస్తున్న డాక్టర్ ఆ నెట్‌వర్క్‌లో ఉంటాడో లేదో. అలాంటప్పుడు నాలుగు నెలలు 2,040 కట్టినా నష్టం లేదు. మందులూ డాక్టర్లూ లేని ఆరోగ్యవంతుడు ఊరికే భయంతో కోబ్రా కడుతుంటే మాత్రం సెవరెన్స్ కరిగిపోవడమే. ఇంకో సంగతి, మామూలుగా కోబ్రా వర్తించేది 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న కంపెనీలకే, అదీ 18 నెలల వరకు. కంపెనీ మూతబడి ప్లానే రద్దయితే కొనసాగించడానికి ఏమీ మిగలదు.

స్పౌజ్ ప్లాన్ దొరికితే నా ఓటు దానికే. కంపెనీ వాటా ఉంటుంది కాబట్టి మూడింట్లో తరచూ చవకయ్యేది అదే. రిస్కల్లా ఆ 30 రోజుల గడువు దాటిపోవడమే. లేఆఫ్ టెన్షన్‌లో నెల ఇట్టే గడిచిపోతుంది. కవరేజీ పోయినట్టు లెటర్ అడుగుతారు, అది పాత కంపెనీ నుంచి ముందే తీసి పెట్టుకోండి.

మార్కెట్‌ప్లేస్ విషయంలో అసలు ప్రశ్న ప్రీమియం భారం తగ్గించే ప్రభుత్వ సబ్సిడీ వస్తుందా రాదా అన్నదే. వాళ్లు చూసేది ఈ నెల ఆదాయం కాదు, ఏడాది మొత్తం ఆదాయం. లేఆఫ్‌కు ముందు వచ్చిన జీతం, సెవరెన్స్, నిరుద్యోగ భృతి, జాయింట్‌గా ఫైల్ చేస్తారు కాబట్టి స్పౌజ్ జీతం, అన్నీ అందులోకే వస్తాయి. ఫిబ్రవరిలో ఉద్యోగం పోయినవాళ్లకు సబ్సిడీ గిట్టుబాటు కావచ్చు. అక్టోబరులో పోయిన ఐటీ ఉద్యోగికి ఆశ తక్కువ. కోబ్రా నోటీసు వచ్చినంత మాత్రాన సబ్సిడీ పోదు, కోబ్రాలో చేరితేనే పోతుంది. స్పౌజ్ కంపెనీ అందుబాటు ధరకు కుటుంబం మొత్తానికి ప్లాన్ ఇస్తున్నా సబ్సిడీ రాదు. ఆదాయం తక్కువగా వేసి ఎక్కువ సబ్సిడీ తీసుకుంటే, 2026 నుంచి ఆ ఎక్కువ మొత్తాన్నీ ట్యాక్స్ ఫైలింగ్‌లో వెనక్కి కట్టాలి. ఇదివరకు కొందరికి దానిమీద పరిమితి ఉండేది, ఇప్పుడది తీసేశారు. కవరేజీ పోకముందే అప్లై చేసుకుంటే మధ్యలో ఖాళీ రాదు. ఆలస్యమైతే ప్లాన్ ఎంచుకున్న తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచే మొదలు.

హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు కూడా మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కోవచ్చు. కానీ 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి హెచ్-1బీ, హెచ్-4 (వాళ్ల మీద ఆధారపడ్డ కుటుంబ సభ్యుల వీసా) వాళ్లకు సబ్సిడీ ఉండదు, పూర్తి ధర కట్టాల్సిందే. ఎలాగూ ఉద్యోగం పోయాక వీసా స్టేటస్ మార్చుకోకుండా, కొత్త కంపెనీ పిటిషన్ పడకుండా అమెరికాలో ఉండగలిగేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండే గడువు చూపే పత్రం) అంతకుముందే అయిపోతే అక్కడిదాకే. వేరే కంపెనీలో ఆఫర్ ఖాయమైతే, ఆ మధ్యకాలానికి కోబ్రా ఫారం నింపి సంతకం పెట్టి దగ్గర ఉంచుకోవడమే తెలివైన పని. అవసరం పడితే పంపుతారు, పడకపోతే చించేస్తారు.

ప్రీమియం దేంతో కట్టాలన్నదీ చూడాలి. హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బుంటే దాంతో కోబ్రా ప్రీమియం ట్యాక్స్ లేకుండా కట్టొచ్చు. నిరుద్యోగ భృతి అందుకుంటున్నవాళ్లు మార్కెట్‌ప్లేస్ ప్రీమియం కూడా కట్టుకోవచ్చు. హెచ్‌ఎస్‌ఏ మీ సొంతం, ఎక్కడికీ పోదు. ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు జీతంలోంచి పన్ను లేకుండా కట్ అయ్యే కంపెనీ ఖాతా) అలా కాదు, కవరేజీతోపాటే పోతుంది. అయితే అందులో ఓ వెసులుబాటు ఉంది. ఏడాదికి 2,400 ఎంచుకుని ఇప్పటికి 600 మాత్రమే కట్ అయినా, కవరేజీ ముగిసేలోపు చేసిన వైద్య ఖర్చులకు 2,400 మొత్తం క్లెయిమ్ చేయొచ్చు. తేడా కట్టమని కంపెనీ అడగడానికి లేదు. కళ్లజోడు, పళ్ల పని ఏదైనా వాయిదా వేస్తూ వచ్చుంటే కవరేజీ ఉన్న ఆ నాలుగు రోజుల్లోనే చేయించుకోండి.

ప్రీమియం కోసమని 401కె (కంపెనీ ద్వారా దాచుకున్న రిటైర్మెంట్ పొదుపు) జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. 7,000 డాలర్లు దాటి ఉంటే పాత కంపెనీ మిమ్మల్ని అడగకుండా ఆ డబ్బు బయటికి పంపడానికి వీల్లేదు, అక్కడే ఉంచొచ్చు. ఐఆర్‌ఏకు (మీ పేరుమీద ఉండే సొంత రిటైర్మెంట్ ఖాతా) మార్చాలంటే నేరుగా సంస్థ నుంచి సంస్థకే వెళ్లేలా చూడండి. 20,000 చేతికి తీసుకుంటే అక్కడికక్కడ పన్ను కింద 20 శాతం పట్టుకుని 16,000 ఇస్తారు. 59 ఏళ్ల 6 నెలలు నిండకపోతే 10 శాతం పెనాల్టీ, అదికాక ఆదాయపు పన్ను. 55 ఏళ్లు నిండే ఏడాదిలోనో, ఆ తర్వాతో ఉద్యోగం పోయినవాళ్లకు ఆ కంపెనీ 401కె నుంచి తీస్తే పెనాల్టీ ఉండదు, ఐఆర్‌ఏకు మార్చేస్తే ఆ వెసులుబాటు పోతుంది. 401కె మీద లోన్ తీసుకుని ఉంటే, లేఆఫ్ తర్వాత ఆ బాకీని బ్యాలెన్స్‌లోంచి కోసుకోవచ్చు. అంత మొత్తం ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా ఐఆర్‌ఏలో వేస్తే పన్నూ పెనాల్టీ తప్పుతాయి, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబరు దాకా టైముంటుంది.