ఫోనుతో నడిచే మోటరు స్టార్టరు: నాలుగేండ్లు వాడాక

ఈ డబ్బా ఏం చేస్తుందో మోటరున్న రైతుకు చెప్పనక్కర్లేదు: బావికాడి మోటరును దూరం నుంచే ఫోనులోని యాప్‌తో నడపొచ్చు, ఆపొచ్చు. మేముండేది హనుమకొండలో, పొలం పరకాల దిక్కు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రిపూట బావికాడికి పోయే బాధ తప్పింది. ఇది బిగించాక పగటి తిరుగుడు కూడా తగ్గిందని మురిసిపోయి కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. నా మాట విని ఊళ్లో ముగ్గురు కొన్నారు. ఇప్పుడు నాకు నిమ్మళం లేనిది అందుకే.

కిందటి యాసంగిలో పంపు గ్లాండు దగ్గర, అంటే తిరిగే షాఫ్టు చుట్టూ నీళ్లు కారకుండా ఉండే బిగింపు దగ్గర, నీళ్లు కారుతున్నాయని బాపు బాగుచేయడానికి కూర్చున్నాడు. స్టార్టరు మీద ఎర్ర బటను నొక్కి, మోటరు ఆగిందని చూసుకునే చెయ్యి పెట్టాడు. నలభై ఏండ్లుగా ఆయన అట్లనే చేస్తున్నాడు. ఇక్కడ నేను యాప్ తెరిస్తే 'ఆఫ్' అని ఉంది. కరెంటు పోయి వచ్చిందేమో అనుకుని 'ఆన్' నొక్కాను.

షాఫ్టు కండువా కొసను చుట్టేసుకుంది. పాతది కాబట్టి చినిగిపోయింది, ఆయన మెడ దక్కింది. రెండు వేళ్ల మీద తోలు లేచిపోయింది. ఫోను చేసి అడిగింది ఒక్కటే: "బంద్ చేసిన గదరా, ఎట్ల తిరిగింది?"

ఎర్ర బటను మోటరును ఆపుతుంది, డబ్బాను ఆపదు. మనిషి ఆపాడా, కరెంటు పోయి ఆగిందా అనే తేడా దానికి లేదు. రెండిటికీ యాప్‌లో ఒకటే 'ఆఫ్'. స్తంభం ఎక్కే లైన్‌మన్ ముందుగా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్), అంటే లైను ఆపారన్న అనుమతి, తీసుకుంటాడు. పని ముగించి దాన్ని వాపసు ఇచ్చేదాకా ఆ లైనులో కరెంటు ఇవ్వకూడదు. పల్లెల్లో అందరికీ తెలిసిన పద్ధతే. దీన్ని తయారుచేసిన వాళ్లకు ఎందుకు తట్టలేదు? ఈ నాలుగేండ్లలో యాప్‌కు వోల్టేజీ గ్రాఫు వచ్చింది, టైమరు వచ్చింది, తెలుగులో మాట్లాడే గొంతు వచ్చింది. బావికాడ ఉన్న మనిషి వేసుకునే తాళం రాలేదు. కస్టమర్ కేర్‌కు చేస్తే, పని చేసేముందు యాప్‌లో 'మాన్యువల్' పెట్టుకోవాలి అన్నారు. బాపుది బటన్ల ఫోను.

నీళ్లు తగ్గితే మోటరు తానే ఆగడం మంచిదే, దానివల్ల మోటరు కాలి మళ్లీ వైండింగు చుట్టించే ఖర్చు ఒకసారి తప్పిందనే అనుకుంటున్నా. కానీ 'ఆటో'లో పెడితే కరెంటు రాగానే ఎవరినీ అడగకుండా తిరుగుతుంది. ఇదివరకు ఆ సంగతినే గొప్పగా చెప్పాను.

నేను దీన్ని తీసేయలేదు. రోజూ పరకాల పోయిరావడం నా ఉద్యోగంతో కుదరదు. స్టార్టరు కంటే ముందు తాళం పడే మెయిన్ స్విచ్చు పెట్టించాను, తాళంచెవి బాపు మొలతాడుకే ఉంటుంది. మోటరు ఒక్కరే నడిపే ఇంట్లో ఈ డబ్బా ఒక్కటే సరిపోవచ్చు. ఫోను ఒకరి చేతిలో, పంపు ఇంకొకరి చేతిలో ఉండే మాలాంటి ఇంటికైతే ఆ స్విచ్చు లేకుండా కొనమని చెప్పలేను.

ఈ ఆదివారం ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని ఆ ముగ్గురి బావులకాడికి పోతున్నా.