పాత పేపర్ తిరగేసి నవ్వుకోవాలంటే ఏ రోజుది మేలు?

నేను పాత పేపర్లు చదువుతానని తెలిసినవాళ్లు అందరూ అడిగేది ఒకటే. ఇన్నేళ్ల పేపర్లున్నాయి కదా, సరదాగా ఒకే ఒక్క రోజు హెడ్డింగులు చూడాలంటే ఏ రోజుది చూడమంటారు? అడిగేవాళ్లలో చాలామంది దగ్గర జవాబు ముందే ఉంటుంది: 1948 నవంబర్ 3. అది మంచి రోజే, కాదనను. నా ఓటు మాత్రం 1903 డిసెంబర్ 18కి.

ముందు 1948 సంగతి. అమెరికా అధ్యక్ష ఎన్నికల మర్నాడు షికాగో డైలీ ట్రిబ్యూన్ తొలి ఎడిషన్‌లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌పై ప్రత్యర్థి డ్యూయీ గెలిచాడని పేజీ పొడవునా బ్యానర్ పెట్టింది. తీరా లెక్క తేలేసరికి ట్రూమన్‌కి 303 ఎలక్టోరల్ ఓట్లు, డ్యూయీకి 189. అప్పట్లో అక్కడ కంపోజింగ్ కార్మికులు సమ్మెలో ఉన్నారు. వార్తలు టైప్ చేసి, వాటిని ఫొటో తీసి, బ్లాకులు చేయించి అచ్చేయాల్సి వచ్చేది. దాంతో పేజీ మామూలు కంటే చాలా ముందే కట్టేయాలి. ఓట్లు ఇంకా లెక్కలోనే ఉండగా, వాషింగ్టన్ విలేఖరి ఆర్థర్ సియర్స్ హెన్నింగ్ అంచనాను నమ్మి బ్యానర్ ఖాయం చేశారు. దాదాపు లక్షన్నర కాపీలు బయటికి వెళ్లిపోయాయి. ఆ హడావిడిలో మొదటి వార్తలో కొన్ని లైన్లు తలకిందులుగా కూడా పడ్డాయి.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ మనకు నవ్వొచ్చేది ఆ పేజీ చూసి కాదు, ఫొటో చూసి. నవంబర్ 4న సెయింట్ లూయిస్ స్టేషన్‌లో ట్రూమన్ ఆ పేపర్‌ని రెండు చేతులా పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతున్న ఫొటో అది. ఆ ముఖం లేకుండా పేజీ ఒక్కటే చేతికిస్తే సగం సరదా పోతుంది. హెడ్డింగ్ తప్పు, ఫలితం వేరు, అక్కడితో కథ అయిపోయింది. లోపలికి వెళ్లి తవ్వుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నాకు అసలు గీటురాయి ఇదే: తప్పు హెడ్డింగ్ కింద ఎంత నిజం దాగి ఉంది? ఆ లెక్కన 1903 డిసెంబర్ 18 దగ్గరికి ఇంకే రోజూ రాదు.

డిసెంబర్ 17న అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో, కిట్టీ హాక్ ఇసుక తిన్నెల మీద రైట్ సోదరులు నాలుగుసార్లు ఎగిరారు. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. ఇంటికి టెలిగ్రాం కొట్టారు. దారిలో 59 కాస్తా 57 అయింది, ఓర్విల్ పేరు 'ఓరెవెల్' అయింది. పత్రికలకు చెప్పండి, క్రిస్మస్‌కి ఇంటికొస్తాం అని అందులో ఉంది. వాళ్ల ఉద్దేశం వార్త సొంతూరు డేటన్‌లోని ఇంటి నుంచి బయటికి రావాలని. కానీ టెలిగ్రాం వర్జీనియాలోని నార్ఫోక్ మీదుగా వెళ్లాలి. విషయం అక్కడే పొక్కింది.

మర్నాడు పొద్దున నార్ఫోక్‌లోని వర్జీనియన్ పైలట్ అనే పత్రిక మొదటి పేజీ చూడండి. జోరుగాలికి ఎదురెళ్లి, ఇసుక దిబ్బలూ అలలూ దాటి 3 మైళ్లు దూసుకెళ్లిన ఎగిరే యంత్రం అని పెద్దక్షరాలు. 852 అడుగులు ఏకంగా 15,840 అడుగులైపోయాయి! కింద వార్తలో ఇంకా ఉంది: యంత్రాన్ని పైకి లేపడానికి అడుగున ఆరు రెక్కల ప్రొపెల్లర్ ఒకటి తిరిగిందట. నిజానికి ఉన్న రెండు ప్రొపెల్లర్లూ వెనకవే, ఒక్కోదానికి రెండేసి రెక్కలే. రాసినవాళ్లు ఆ యంత్రాన్ని కళ్లతో చూడలేదు మరి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక చిన్న ఉపశీర్షిక: సాయానికి బెలూన్ ఏదీ కట్టలేదు. దాన్ని కాసేపు ఆగి చదవాలి. ఇవాళ విమానం వార్తలో ఆ మాట ఎవరూ రాయరు. ఆ పొద్దున చదివేవాడికి మాత్రం మొదట వచ్చే అనుమానం అదే. అంతలా అతిశయోక్తి రాసిన డెస్క్ పాఠకుడి మనసును మాత్రం సరిగ్గా పట్టుకుంది. మిగతా వివరాలు దాదాపు అన్నీ తప్పు. అసలు సంగతి, అంటే మనిషి యంత్రంతో ఎగిరాడన్నది, అక్షరాలా నిజం.

ఇక అదే రోజు జాగ్రత్తపరుల సంగతి చూస్తే నవ్వు రెట్టింపవుతుంది. ఆ వార్తను చాలా పేపర్లు వేయనే లేదు. డేటన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ప్రతినిధికి విషయం చెబితే, యాభై ఏడు సెకన్లా, యాభై ఏడు నిమిషాలైతే వార్తయ్యేదేమో అన్నాడని చెబుతారు. గోరంతను కొండంత చేసినవాడి పేజీ చరిత్రలో మిగిలింది. కొండను గోరంతగా చూసినవాడి పేజీలో ఆ ఊసే లేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివే వీలు 1948లో నాకు దొరకలేదు.

మిగతావి క్లుప్తంగా. 1920 జనవరి 13న, శూన్యంలో రాకెట్ పనిచేయదని, ఆ మాత్రం హైస్కూల్ పాఠం రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌కి తెలియదని న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయ పేజీలో రాశారు. అంతకుముందు రోజే రాకెట్ చంద్రుడిని చేరగలదన్న ఆయన నమ్మకాన్ని మొదటి పేజీలో వేసిందీ అదే పత్రిక. సవరణ 1969 జులై 17న వచ్చింది, మనుషులతో చంద్రుడి మీదికి అపోలో 11 బయల్దేరిన మర్నాడు. బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, దీనికి ఒక రోజు పేపర్ చాలదు, 49 ఏళ్ల తేడాతో రెండు కావాలి. 1835 ఆగస్టులో చంద్రుడి మీద రెక్కల మనుషులున్నారని న్యూయార్క్ సన్ వేసిన కథనాలు కావాలని అల్లినవి, ఈ పోటీలోకి రావు. 1912 ఏప్రిల్ 15న టైటానిక్ ప్రయాణికులంతా క్షేమం అని వచ్చిన హెడ్డింగులను కొందరు ఈ జాబితాలో కలుపుతారు. నేను కలపను. సుమారు 1,500 మంది పోయిన రోజది.

1903 పేజీ దొరికితే పెద్దక్షరాలతో ఆపేయకండి, ఉపశీర్షికలన్నీ పైనుంచి కిందికి వరసగా చదవండి. తర్వాత, 1904 జనవరిలో రైట్ సోదరులు పత్రికలకిచ్చిన ప్రకటన తీయండి. దాదాపు ప్రతి వివరమూ తప్పేనని, అదొక కట్టుకథ అని అందులో మండిపడ్డారు. నాలుగు ఎగురుళ్ల లెక్క, గాలి వేగం వగైరా వాళ్లే స్వయంగా చెప్పారు. ముందు పేపర్, తర్వాత ప్రకటన, ఇదే వరస. తిరగేసి చదివితే మజా పోతుంది.