ఆరేళ్లుగా డాపార్స్ వాడుతున్నాను: ఎంఆర్‌ఎన్‌ఏ చివర్ల విషయంలో దాన్ని ఏమడగొచ్చు, ఏమడగకూడదు

ముందే చెప్పేస్తాను. డాపార్స్ అంటే మామూలు ఆర్‌ఎన్‌ఏ డేటా నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ చివర్లను లెక్కగట్టే ప్రోగ్రామ్. దాన్ని ఆరేళ్లుగా వాడుతున్నాను, ఇకముందూ వాడతాను. కానీ మొదటి రెండేళ్లు దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాను. అది ఇచ్చిన జవాబు పట్టుకుని చాలా దూరం వెళ్లి, మళ్లీ అంత దూరమూ వెనక్కి నడిచాను. రకరకాల కణజాలాల డేటా మీద ఈ పని మొదలుపెట్టబోయేవాళ్లకి ఆ నడక తప్పాలని ఇది రాస్తున్నాను.

విషయం కొత్తగా ఉన్నవాళ్ల కోసం కొంచెం. జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ తయారవుతున్నప్పుడు కణం దాని చివరను ఒకచోట కోసి, అక్కడ వరసగా ‘ఏ’ అక్షరాల తోక తగిలిస్తుంది. కోత దగ్గర్లో ఉందని చెప్పే గుర్తు ఏఏయూఏఏఏ అనే ఆరక్షరాల మాట. 1976లో ప్రౌడ్‌ఫుట్, బ్రౌన్లీ దాన్ని పట్టుకున్నారు. సాధారణంగా ఆ మాట దాటిన 10 నుంచి 30 అక్షరాల లోపు కోత పడుతుంది. మనిషి జన్యువుల్లో సగానికి పైగా ఇలాంటి కోత చోట్లు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. ముందున్న చోట కోస్తే పొట్టి చివర, దూరంగా ఉన్న చోట కోస్తే పొడుగు చివర. చాలా జన్యువుల్లో రెండిటి నుంచీ వచ్చే ప్రొటీన్ ఒకటే. మారేది ప్రొటీన్ కోడు అయిపోయాక వేలాడే కొంగు. పొడుగు కొంగుకి ముడులు వేయడానికి చోటు ఎక్కువ. మైక్రోఆర్‌ఎన్‌ఏలు (ఎంఆర్‌ఎన్‌ఏని అదుపు చేసే బుల్లి ఆర్‌ఎన్‌ఏలు), ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే ప్రొటీన్లు వచ్చి కూర్చునేది అక్కడే. సీడీ47 జన్యువునే తీసుకోండి. పొడుగు చివర ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చిన ప్రొటీన్ ఎక్కువగా కణం పైపొరకు చేరుతుంది, పొట్టిదాని నుంచి వచ్చింది ఎక్కువగా లోపలే ఉండిపోతుంది. 2015లో క్రిస్టీన్ మేయర్ ల్యాబ్ దీన్ని చూపించింది. ప్రొటీన్ అదే, అక్షరం మారలేదు, చేరే చోటు మారింది. నన్ను ఈ రంగంలోకి లాగింది ఆ ఒక్క సంగతే.

కణజాలాన్ని బట్టి ఈ చివర్లు మారతాయని తెలిసి చాలాకాలమైంది. 2005లోనే బిన్ తియాన్ బృందం కణజాలాల మధ్య ఈ మొగ్గు తేడాలను చూపించింది. మెదడులో పొడుగు చివర్లు ఎక్కువ, వృషణాల్లో పొట్టివి ఎక్కువ. 2008లో శాండ్‌బర్గ్ బృందం, టి-కణాలు ఉత్తేజితమై విభజన మొదలుపెడితే చివర్లు పొట్టివవుతాయని చూపింది. కానీ ఈ చివర్లను నేరుగా కొలవాలంటే చివరను మాత్రమే చదివే ప్రత్యేకమైన సీక్వెన్సింగ్ చేయాలి. అలాంటి డేటా తక్కువ. మామూలు ఆర్‌ఎన్‌ఏ-సీక్వెన్సింగ్ డేటా మాత్రం గుట్టలుగా ఉంది. మనుషుల కణజాలాల డేటాని సేకరించిన జీటెక్స్ అనే ప్రాజెక్టు ఒక్క 8వ విడుదలలోనే 948 మంది దాతలు, 54 రకాల కణజాలాలు, 17,382 నమూనాలు. ఆ గుట్టలోంచి చివర్లను లెక్కగట్టి తీసే పని కోసం 2014లో బేలర్ కాలేజీ ఆఫ్ మెడిసిన్‌లోని వీ లీ బృందం డాపార్స్‌ని తెచ్చింది. క్యాన్సర్ కణితులనూ పక్కనున్న మామూలు కణజాలాన్నీ 358 జతలుగా పోల్చి, 1,346 జన్యువుల్లో మార్పులు చూపించారు. వాటిలో 91 శాతం పొట్టివవడమే.

అది పని చేసే తీరు మా కృష్ణా జిల్లా కాలువలు చూసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ మీద తూము ఉంటే, తూము దాటాక నీటిమట్టం తగ్గుతుంది. తూము మీకు కనబడకపోయినా మట్టం ఎక్కడ పడిపోయిందో చూసి అది ఎక్కడుందో ఊహించవచ్చు. ఇక్కడ నీటిమట్టం అంటే రీడ్ల కవరేజీ, అంటే సీక్వెన్సింగ్‌లో చదివిన చిన్న ముక్కలు (రీడ్లు) ఒక్కో చోట ఎన్ని పడ్డాయన్నది. పొట్టి, పొడుగు ఎంఆర్‌ఎన్‌ఏలు రెండూ ఉన్న జన్యువులో మొదటి కోత దాకా కవరేజీ ఎత్తుగా ఉండి, అక్కణ్నుంచి పొడుగువాటి వాటా మేరకే మిగులుతుంది. డాపార్స్ ఆ కొంగు పొడవునా ఒక్కో చోట మెట్టు పెట్టి చూసి, దేనికి తప్పు తక్కువ వస్తుందో దాన్ని ఎంచుకుంటుంది. పొడుగువాటి వాటాని పీడీయూఐ అనే 0 నుంచి 1 మధ్య అంకెగా ఇస్తుంది. అంతే. ఇంత సాదా లెక్క ఇన్ని వేల నమూనాల మీద పనికొచ్చే జవాబు ఇస్తుందంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

ఇన్‌స్టాలేషన్ గురించి ఎక్కువ చెప్పను. అసలు డాపార్స్ పైథాన్ 2 కాలం నాటిది, 2020తో పైథాన్ 2కి మద్దతు ఆగిపోయింది. విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ కట్టుకుని అందులోనే ఉంచండి. ఎక్కువ నమూనాలుంటే డాపార్స్2కి వెళ్లండి, క్రోమోజోముల వారీగా పనిని పంచుకుంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం రాసి గోడకు అంటించుకోండి: కవరేజీ ఫైలులో క్రోమోజోము పేరు ‘1’ అని, జన్యువులు ఎక్కడెక్కడున్నాయో చెప్పే అనోటేషన్ ఫైలులో ‘సీహెచ్ఆర్1’ అని ఉంటే ఫలితాల ఫైలు ఖాళీగా వస్తుంది. మా ల్యాబులో చేరిన ప్రతి జూనియరూ మొదటి వారంలో “అక్కా, ఏమీ రాలేదు” అంటూ వచ్చింది దీనివల్లే.

ఇక ఫలితాల ఫైలు. ఇక్కడే నిదానించాలి. అందులో పీ-వాల్యూ వరసను చూసి మురిసిపోవద్దు. రెండు గుంపుల సగటు పొట్టి, పొడుగు అంకెలను ఫిషర్ అనే గణాంక పరీక్షకు ఇచ్చి ఆ విలువ తీస్తుంది. ఒక గుంపులోని నమూనాల మధ్య ఎంత తేడా ఉందో ఆ పరీక్షకు తెలియదు. బాగా లోతుగా చదివిన జన్యువైతే చిన్న తేడాకి కూడా అద్భుతమైన విలువ వస్తుంది. నేను ఇప్పుడు ఆ వరస అసలు వాడను. నమూనా వారీగా ఇచ్చే పీడీయూఐ అంకెలు తీసుకుని, వాటి మీద నా లీనియర్ మోడల్ వేసుకుంటాను. పొట్టి, పొడుగు అంకెలు విడివిడిగా కూడా ఇస్తుంది, అవి తప్పనిసరిగా చూడండి. పీడీయూఐ పెరిగిందంటే పొడుగుది పెరిగిందని కాదు. పొట్టిది తగ్గినా ఆ అంకె పెరుగుతుంది. రెండూ వేర్వేరు కథలు, వాటి వెనక జీవశాస్త్రమూ వేరు.

నా రెండేళ్లు తినేసిన సంగతికి వస్తాను. రెండు కణజాలాలు పోల్చాను. ఒకదానిలో వందల జన్యువులు పొడుగయ్యాయి. అన్నీ ఒకే దిక్కుకు. అంత శుభ్రమైన ఫలితం అంతకుముందు చూడలేదు, రాత్రి నిద్ర పట్టలేదు. పోస్టర్ వేశాం, మాట్లాడాం. ఆ తర్వాత ఒకరోజు నమూనాల వివరాల పట్టికను ఎందుకో ఆ పీడీయూఐల పక్కన పెట్టి చూస్తే, పొడుగైన నమూనాలన్నీ ఆర్‌ఎన్‌ఏ నాణ్యతను చెప్పే రిన్ అంకె తక్కువగా ఉన్నవే.

ఎందుకలా అయిందో ఇప్పుడు చెప్పడం సులువు. పాలీ-ఏ తోకను పట్టుకుని ఎంఆర్‌ఎన్‌ఏని వేరుచేసే పద్ధతిలో, ఆర్‌ఎన్‌ఏ విరిగిపోయి ఉంటే చేతికి చిక్కేది తోక ఉన్న ముక్క మాత్రమే. కాబట్టి కవరేజీ చివరివైపు పోగవుతుంది. కాలువ చివర అడ్డుకట్ట వేస్తే నీరు ఎగదన్ని అక్కడ మట్టం పెరిగినట్టే. తూము అలాగే ఉంది, పొడుగు ఎంఆర్‌ఎన్‌ఏ వాటా అలాగే ఉంది, కానీ చివర మట్టం పెరిగింది కాబట్టి పీడీయూఐ పెరిగింది. జీటెక్స్ కణజాలాలు చాలామటుకు మరణానంతరం తీసినవి. మరణానికీ సేకరణకూ మధ్య గడిచిన సమయం కణజాలాన్ని బట్టి మారుతుంది, కణజాలం పాడయ్యే వేగమూ మారుతుంది. అంటే కణజాలాల మధ్య మనం వెతుకుతున్న తేడా, నాణ్యతలోని తేడా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రిన్ అంకె, మరణానికీ సేకరణకూ మధ్య సమయం, ఈ రెండు వివరాలూ జీటెక్స్ నమూనా పట్టికలో ఉన్నాయి. వాటిని మోడల్‌లో పెట్టకుండా కణజాలాలను పోల్చకండి. రెండింటినీ పెట్టాక నా వందల జన్యువుల్లో చాలా భాగం మాయమయ్యాయి. మిగిలినవి నిలబడ్డాయి, ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

దీనికి నేను కనుక్కున్న మంచి పరీక్ష ఒకటి జీటెక్స్‌లోనే ఉంది. చిన్నమెదడును, మెదడు పైపొరను వాళ్లు రెండేసి సార్లు తీశారు. ఒకటి సేకరించిన చోటే తీసి ప్రత్యేక ద్రవంలో భద్రపరిచింది, రెండోది బ్రెయిన్ బ్యాంకుకు పంపాక అక్కడ తీసి గడ్డకట్టించింది. పట్టికలో అవి వేర్వేరు పేర్లతో ఉంటాయి కాబట్టి చాలామంది వాటిని వేర్వేరు కణజాలాలుగా లెక్కిస్తారు. కానీ భాగం దాదాపు ఒకటే. ఆ రెండిటినీ పోల్చినప్పుడు మీ పద్ధతి బోలెడు జన్యువులు మారాయని చెప్తే, అందులో జీవశాస్త్రం తక్కువ, సేకరణ విధానం ఎక్కువ. నేను ఏ మోడల్ మార్చినా ముందు ఈ జతనే నడుపుతాను.

రెండో దెబ్బ కోత చోటు విషయంలో. డాపార్స్ ఊహించిన మొదటి కోత చోటును ఒక వరసలో ఇస్తుంది, అక్షరం దాకా కచ్చితమైన అంకెతో. ఆ కచ్చితత్వం అంకెదే, చోటుది కాదు. కవరేజీ ఎప్పుడూ గుంతలు మిట్టలుగా ఉంటుంది కాబట్టి మెట్టు అటూ ఇటూ జరుగుతుంది. పైగా మూడు కోత చోట్లున్న జన్యువుకి కూడా అది ఒక్క మెట్టే గీస్తుంది. నేను అలా ఊహించిన చోటొకటి తీసుకుని, ప్రయోగశాలలో చివరను పెంచి చూసే రేస్ పద్ధతి చేశాను. జెల్ మీద అనుకున్న చోటే బ్యాండ్ వచ్చింది. పరుగెత్తుకెళ్లి మేడమ్‌కి చూపించాను. ఆవిడ సంతోషించారు, తర్వాత నెమ్మదిగా అడిగారు: “ఆ పక్కన జీనోములో ఏముందో చూశావా?” చూశాను. వరసగా ‘ఏ’ అక్షరాలు. మా ప్రైమరు (తోకకు అతుక్కోవాల్సిన చిన్న డీఎన్‌ఏ ముక్క) తోకకు బదులు జన్యువులోనే ఉన్న ఆ ఏ-ల గుంపుకి అతుక్కుంది. కంప్యూటర్ తప్పు, ప్రయోగం తప్పు రెండూ ఒకే చోట కలిసి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయి. అప్పటినుంచి డాపార్స్ ఇచ్చే చోటును చోటుగా వాడను. బేసెల్ వాళ్ల పాలీఏసైట్ జాబితాలో దాని దగ్గర్లో ప్రయోగంతో తేలిన చోటు ఉందా అని చూస్తాను, ఉంటే ఆ జాబితాలోని చోటునే రాస్తాను. లేకపోతే ‘ఈ జన్యువు చివర మారింది’ అని మాత్రమే రాస్తాను.

మెదడు మీద పని చేసేవాళ్లకి ఇంకొక మాట. నా వాడకంలో, మనం ఇచ్చిన అనోటేషన్ ఫైలులో జన్యువు చివర ఎక్కడని రాసి ఉంటే ఈ పరికరం చూపు అక్కడితో ఆగుతుంది. అనోటేషన్లలో లేని ఎన్నో పొడుగు చివర్లు క్షీరదాల మెదడులో ఉన్నాయని 2013లో మియూరా బృందం చూపించింది. అంటే పొడుగు చివర్లకు పేరుపడ్డ కణజాలంలోనే ఈ పరికరానికి చూపు తగ్గుతుంది. పాత అనోటేషన్‌తో మెదడును చూడకండి. అలాగే జన్యువు మధ్యలో, ఇంట్రాన్‌లో (మామూలుగా ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి కత్తిరించి తీసేసే భాగంలో) పడే కోతలు దీనికి అసలు కనబడవు. బి-కణాల్లో ఐజీఎం అనే యాంటీబాడీ ప్రొటీన్ పొరకు అతుక్కుని ఉండాలా, బయటికి స్రవించాలా అన్నది మారేటప్పుడు చివరి కోత చోటు కూడా మారుతుంది. 1980లో బయటపడి, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఉదాహరణ అది. రక్తకణాల మీద పని చేసేవాళ్లకి అది కనబడకపోవడం పెద్ద లోటే.

ఇదే పనికి ఉన్న క్యూఏపీఏ అనే ఇంకో ప్రోగ్రామ్‌ని కూడా నాలుగేళ్లుగా పక్కనే నడుపుతున్నాను. 2018లో వచ్చింది. తెలిసిన కోత చోట్ల జాబితా తీసుకుని, సాల్మన్ అనే లెక్కింపు ప్రోగ్రామ్‌తో ఒక్కో చివరకు ఎన్ని రీడ్లో పంచి లెక్కగడుతుంది. వేగం చాలా ఎక్కువ, రెండు కంటే ఎక్కువ చోట్లున్న జన్యువులను చక్కగా చూపిస్తుంది. జాబితాలో లేని చోటును మాత్రం కనిపెట్టలేదు. మనిషి, ఎలుక డేటా అయితే మొదట అదే వాడమంటాను. చివర్ల జాబితా సరిగా లేని జీవుల మీద పని చేసేవాళ్లకి డాపార్స్ ఇంకా దిక్కు. నా పద్ధతి ఇది: రెండూ నడపడం, రెండూ ఒకే దిక్కు చెప్పిన జన్యువులను ముందు పెట్టడం, ఒక్కటే చెప్పినవాటిని కవరేజీని బొమ్మగా చూపే ఐజీవీ అనే ప్రోగ్రామ్‌లో కళ్లతో చూడడం. కళ్లతో చూడడానికి టైమ్ లేదంటే ఆ జన్యువు పేరు పేపర్లో రాయకపోవడమే మంచిది.

పీహెచ్‌డీలో ఉన్న పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే, దీని మీద థీసిస్ నిలబడుతుందా అని. నిలబడుతుంది, ‘ఏ కణజాలంలో ఏ జన్యువు చివర పొడుగు, ఏది పొట్టి’ అన్న ప్రశ్నకైతే. ‘సరిగ్గా ఎక్కడ కోసింది’ అన్న ప్రశ్నకి చివర్లను చదివే సీక్వెన్సింగ్ డేటానో, పొడుగు రీడ్ల డేటానో తోడు తెచ్చుకోండి. ముందుగా తెలిస్తే సగం టెన్షన్ పోతుంది, అందుకే గైడ్‌తో మొదటి నెలలోనే ఈ మాట మాట్లాడండి.

వచ్చే వారం మాకు కొత్త బ్యాచ్ నమూనాలు వస్తున్నాయి, అందులో మెదడూ వృషణాలూ రెండూ ఉన్నాయి. రన్ అయిపోగానే నేను తెరిచేది ఫలితాల పట్టిక కాదు, ఐజీవీలో ఈఎల్ఏవీఎల్1 జన్యువు. దాని ఎంఆర్‌ఎన్‌ఏ నాడీకణాల్లో దాదాపు 6,000 అక్షరాల పొడవుంటుంది, వృషణాల్లో 1,500 దగ్గరే ముగిసే రూపం ఎక్కువ. ఆ తేడా కవరేజీలో కంటికి కనబడి, పీడీయూఐలో కూడా అదే దిక్కు వస్తే ముందుకు వెళతాను. రాకపోతే ఆ రన్‌ని అక్కడే ఆపి, రిన్ అంకెలూ క్రోమోజోము పేర్లూ మళ్లీ మొదటి నుంచి చూస్తాను.