పందెం బొంగరం: నెల్లూరు అంగళ్లలో దొరికే సరుకు పోటీకి పనికొస్తుందా?

సంక్రాంతికి ఊళ్లో పెట్టే పందేలకో, ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవానికి బడిలో పెట్టే ఆటలకో బొంగరాలు కొనేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. నెల్లూరు బజార్లలో, రొట్టెల పండుగలాంటి తిరునాళ్ల దుకాణాల్లో అమ్మే రంగుల చెక్క బొంగరం ఆడుకోవడానికి మంచి సరుకే. కానీ కుప్పలోంచి తీసి నేరుగా పోటీకి పెడితే అది న్యాయమైన పోటీ కాదు. పైకి అన్నీ ఒకేలా మెరుస్తాయి. చేతిలోకి తీసుకుంటే ఒకటి బరువు, ఒకటి తేలిక. ఒకదాని మేకు మధ్యలో ఉంటుంది, ఇంకోదానిది పక్కకు జరిగి ఉంటుంది. ఆ తేడా పిలకాయల చేతివాటాన్ని మించిపోతుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మేకు. చవక బొంగరాలకు మామూలు ఇనుప మేకు దిగ్గొట్టి, తల కోసేసి, ఆ చివరను ఆకురాయితో రుద్ది మొన తీస్తారు. ఈ రుద్దడంలో తొందరపడితే మొన మీద గరుకు మిగులుతుంది. అలాంటి బొంగరం సిమెంటు గచ్చు మీద నిలవకుండా గెంతుతూ పోతుంది. మొన మీద వేలిగోరు నెమ్మదిగా తిప్పి చూడండి, ఎక్కడ పట్టుకుంటే అక్కడ గరుకుందని అర్థం. సన్న ఉప్పుకాగితంతో కాసేపు రుద్దితే పోతుంది.

మేకు బయటికి ఎంత వచ్చిందన్నదీ ముఖ్యమే. మరీ పొడుగైతే బొంగరం బరువంతా నేలకు ఎత్తులో ఉండిపోతుంది. వేగం కొంచెం తగ్గగానే ఊగి పడిపోతుంది. మరీ పొట్టిదైతే బొంగరం కాస్త ఒరిగినా పక్క నేలకు తగిలి ఆగిపోతుంది. అరచేతిలో పట్టే బొంగరానికి ఒక సెంటీమీటరు సరిపోతుంది. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉన్నా ఒప్పుకోవచ్చు. అంతకు మించితే పోటీకి వద్దు.

మొన ఎంత సన్నగా ఉండాలన్నది నేలను బట్టి తేల్చాలి. గచ్చు మీద సన్న మొనకు రాపిడి తక్కువ కాబట్టి ఎక్కువసేపు తిరుగుతుంది. గుండ్రటి మొన బొంగరాన్ని త్వరగా నిటారుగా లేపుతుంది కానీ వేగాన్ని కొంత తినేస్తుంది. పెన్న ఒడ్డు ఊళ్లలోలాంటి ఇసుక నేల మీద సంగతి తిరగబడుతుంది. అక్కడ సన్న మొన నేలలో దిగబడి గుంత చేసుకుని తొందరగా ఆగుతుంది. అందుకే పోటీ ఏ నేల మీదో ముందే చెప్పకుండా, ఎవరి బొంగరం వాళ్లు తెచ్చుకోమనడం సరికాదు.

మధ్యను పరీక్షించడానికి లేతు పనివాళ్ల పద్ధతి ఒకటుంది. గచ్చు మీద బొంగరం తిప్పి, అది నిటారుగా నిలబడ్డాక, బొజ్జ దగ్గరికి సుద్దముక్కను నెమ్మదిగా తీసుకెళ్లి తగిలీ తగలనట్టు ఆనించాలి. చుట్టూ సన్నగా గీత పడితే మేకు మధ్యలో ఉన్నట్టు. ఒక పక్కనే మచ్చ పడితే మేకన్నా వంగి ఉంటుంది, బెజ్జమన్నా పక్కకు పడి ఉంటుంది. వంగిన మేకును చిన్న సుత్తితో తట్టి సరిచేయొచ్చు. బెజ్జమే పక్కకు పడితే మరమ్మతు లేదు, అంగడికి తిరిగి ఇచ్చేయండి. కొనేటప్పుడే అక్కడే తిప్పి చూస్తామని చెప్పడం ఉత్తమం.

చెక్క విషయంలో రంగు చూసి మోసపోవద్దు. లక్కపూతతో నునుపుగా ఉండే ఏటికొప్పాక బొంగరాలు అంకుడు కర్రతో చేస్తారు. అది మెత్తని, తేలికైన కర్ర. చేతితో తిప్పి నిలిపే ఆటకు అందమైన సరుకు. దెబ్బల పందేనికి మాత్రం దాన్ని పెట్టకండి, పాపం. గిరి గీసి, మధ్యలో ఉన్న బొంగరాన్ని కొట్టే ఆటకు తుమ్మలాంటి గట్టి చెక్కది కావాలి. గట్టి చెక్కకు బెజ్జం వేయకుండా మేకు దిగ్గొడితే మేకు మొదట్లో వెంట్రుకంత చీలిక వస్తుంది. రంగు దాన్ని కప్పేస్తుంది. వెలుతురులో పట్టుకుని మేకు చుట్టూ బొటనవేలి గోరుతో గీరి చూడండి. చీలిక కనిపిస్తే దాన్ని దెబ్బల పందెంలోకి రానివ్వొద్దు. దెబ్బ తగిలినప్పుడు చెక్కముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది.

సముద్రం దగ్గరి ఊళ్లలో మేకు త్వరగా తుప్పు పడుతుంది. తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకున్న చెక్కలో మేకు వదులవుతుంది. వదులైతే మేకు లాగేసి, ఫెవికాల్‌లో ముంచిన అగ్గిపుల్ల ముక్కను బెజ్జంలో పెట్టి, మేకు మళ్లీ దించి ఒక రాత్రి ఆరనివ్వాలి. తెల్లారి సుద్దముక్క పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

ప్లాస్టిక్ బొంగరం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అచ్చులో పోసింది కాబట్టి బరువు, ఆకారం దాదాపు సమానం. ఎక్కువసేపు ఎవరు తిప్పుతారన్న పోటీకి చెక్కదానికంటే ఇదే న్యాయమైన సరుకు. నునుపు ఎక్కువ కావడంతో తాడు జారడం దీని లోపం. కొనేముందు ఐఎస్ఐ గుర్తు చూడండి. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఆ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేతితో చేసే బొమ్మలకు మినహాయింపు ఉంది కాబట్టి, వాళ్ల చెక్క బొంగరం మీద గుర్తు లేదని పక్కన పెట్టకండి.

ఇక తాడు. బొంగరంతో పాటు ఇచ్చే సన్న నైలాన్ తాడును పక్కన పడేయమనే మా సలహా. రంగు మీద జారి, విసిరేలోపే చుట్లు ఊడిపోతాయి. మూడు మిల్లీమీటర్ల మందం నూలు తాడు ఒకే కట్టలోంచి తీసుకుని మీటరుంపావు చొప్పున ముక్కలు కోయండి. ఒక కొసన ముడి, రెండో కొసన వేలికి తొడిగే ఉచ్చు. మేకు దగ్గర మొదటి రెండు చుట్లు బిగువుగా, ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉండాలి. విసిరినప్పుడు బొంగరం తలకిందులుగా పడుతుందంటే చాలాసార్లు లోపం ఆ మొదటి చుట్లలోనే. తాడు కొంచెం తడిపితే పట్టు పెరుగుతుంది. మైనం, గుగ్గిలం పూసుకుంటే ఇంకా పెరుగుతుంది. అందుకే పోటీలో తాడు నిర్వాహకులే ఇవ్వాలి, పూతలు నిషేధించాలి, నీళ్లు అయితే అందరికీ ఒకే గిన్నెలోంచి. ఎడమచేతి వాటం పిలకాయలు తాడు ఎదురు దిక్కుకు చుడతారు. దాన్ని తప్పుగా లెక్కించే న్యాయనిర్ణేతను కూర్చోబెట్టకండి.

సరంజామా నిబంధనల్లో బయట రెండు దారులున్నాయి. కెండామా అంటే తాడుకు కట్టిన బంతిని చెక్క పిడి మీది గిన్నెల్లో, మొన మీద పట్టే జపాన్ ఆటబొమ్మ. జపాన్ కెండామా సంఘం తన ముద్ర ఉన్న కెండామాలనే పోటీకి ఒప్పుకుంటుంది, అంటే కొలత అందరికీ ఒకటే. యోయో పోటీల్లో ఎవరి యోయో వాళ్లదే. నష్టం కూడా వాళ్లదే. తిరగడం ఆగిపోయి మళ్లీ విసరాల్సి వస్తే 1 మార్కు, దాన్ని వదిలేసి ఇంకోటి అందుకుంటే 3, తాడు తెగినా యోయో ఊడిపోయినా 5 తగ్గిస్తారు. అక్కడ ఆటగాళ్లు తమ యోయోను ఏళ్లుగా ఎరిగినవాళ్లు, అదనపువి దగ్గర పెట్టుకునే వస్తారు. మన బడి పోటీకి కెండామా దారే సరైనది. తిరునాళ్లలో కొన్న బొంగరానికీ, నాన్న లేతు మిషన్ మీద చేయించి ఇచ్చిన బొంగరానికీ పోటీ పెట్టి గెలుపును నైపుణ్యం అనకూడదు.

యోయో పోటీ కూడా పెడదామనుకునేవాళ్లకు ఒక మాట. ఫ్యాన్సీ అంగళ్లలో లైటు వెలిగే యోయోలు కొన్నిటిలో వేగం తగ్గగానే తానే పైకి వచ్చే క్లచ్ ఉంటుంది. కిందికీ పైకీ ఎన్నిసార్లు అన్న లెక్కకు అది చాలు, కానీ క్లచ్ ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఒకే వరసలో నిలబెట్టకండి. తాడు మీద చేసే విన్యాసాలకు బేరింగు ఉన్న, సందు వెడల్పైన యోయో కావాలి. తాడు నేల నుంచి ఆటగాడి బొడ్డు ఎత్తుకు కోయాలి.

పోటీ రోజు బల్ల మీద ఉండాల్సినవి: ఒక గ్రాము తేడా చూపే వంటింటి తూకం, బడి స్కేలు, సుద్దముక్క, ఉప్పుకాగితం, కోసి ఉంచిన తాళ్లు. బొంగరాలను అయిదు గ్రాముల తేడాలోపు ఉండేలా జట్లు కట్టి, అంకెలు వేసి, చీటీ తీసి ఇవ్వండి. ఎంచుకునే వీలు ఇస్తే ముందు వరసలోని పిల్లవాడికే మంచిది దక్కుతుంది. సమయం మేకు నేలను తాకినప్పుడు మొదలై, బొంగరం పక్క నేలకు తగిలినప్పుడు ముగియాలి. ఊగడం మొదలైనప్పుడే ఆపేసే అలవాటు కొందరికుంది, దానితో ప్రతిసారీ గొడవే. నిర్వాహకులు ఇచ్చిన తాడు తెగితే మళ్లీ అవకాశం ఇవ్వాలి. చుట్టు జారితే ఇవ్వక్కర్లేదు.

గిరి పందెంలో మొనను బాగా నూరుకుని వచ్చి ఎదుటివాడి బొంగరాన్ని పగలగొట్టడం పాత అలవాటు. మొనను అట్టముక్క మీద నిలబెట్టి బొంగరం బరువుతోనే వదిలితే అట్టలోకి దిగకూడదన్న నియమం పెట్టండి. చూసేవాళ్లు గిరికి మూడు మీటర్ల దూరంలో ఉండాలి. ఆడేవాళ్ల కాళ్లకు బూట్లు ఉండాలి, చెప్పులు చాలవు.

కొనేటప్పుడు ఆడేవాళ్ల సంఖ్యకు సరిపడా కాకుండా ప్రతి నాలుగింటికీ ఒకటి అదనంగా తీసుకోండి. సుద్దముక్క పరీక్షలో కొన్ని ఎటూ పోతాయి. మిగిలినవాటి మేకులకు కొబ్బరినూనె రాసి, పొడి గుడ్డలో చుట్టి పెడితే వచ్చే ఏడాదికీ పనికొస్తాయి.